నలభై పౌన్ల చొక్కా

(లా, కామర్స్ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే.

పోటీ చట్టం గురించి మాట్లాడమని పిలిచారు. భోజనాలయ్యాక, ఎండాకాలం, పైగా పోటీ చట్టం. మీ మొహాలు చూస్తుంటే నాకే జాలేస్తోంది. (నవ్వులు) అందుకని సెక్షన్లు కాసేపు పక్కనపెట్టి ఒక చొక్కా కథ చెప్తాను.

2000 సంవత్సరం, ఆగస్టు 1. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు కొత్త హోమ్ జెర్సీ, అంటే సొంత మైదానంలో ఆడేటప్పుడు వేసుకునే చొక్కా, విడుదల చేశారు. ఎర్ర చొక్కా, తయారీ అంబ్రో కంపెనీ. పెద్దవాళ్ళ సైజు 39 పౌన్ల 99 పెన్నీలు. అప్పటి మారకంలో రెండున్నర వేల రూపాయల పైమాటే. పేరున్న స్పోర్ట్స్ షాపుల్లో ఎక్కడికెళ్ళినా అదే ధర. ఒక్క పెన్నీ తేడా లేదు. ఎవరైనా ఏమనుకుంటారు? కంపెనీ ధర అంతేనేమో అనుకుంటారు. మూడేళ్ళ తర్వాత, సరిగ్గా అదే ఆగస్టు 1న, 2003లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ ఒక తీర్పు ఇచ్చింది. ఆ ధర దానంతట అది వచ్చింది కాదని, కూడబలుక్కుని నిలబెట్టిందని తేల్చింది. పది సంస్థలకు కలిపి దాదాపు 1.86 కోట్ల పౌన్ల జరిమానా వేసింది.

కూడబలుక్కోవడం అనగానే మనకు వెంటనే గుర్తొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. వేలంపాటలో కాంట్రాక్టర్లు రింగయ్యారంటాం. బ్రాందీ షాపులవాళ్ళు సిండికేట్ అయ్యారంటాం. ఆ మాటలు వినగానే నలుగురు కూర్చుని రేటు పెంచేస్తున్న దృశ్యం కళ్ళ ముందుకొస్తుంది. ఈ చొక్కాల వ్యవహారంలో మాత్రం ఎవరూ మామూలు రేటుకి మించి పెంచాలనుకోలేదు. 39.99 అనేది పెద్ద షాపుల్లో మామూలుగా నడిచే ధరే. వీళ్ళు చేసిందల్లా దాన్ని ఎవరూ తగ్గించకుండా చూసుకోవడం. పోటీ చట్టం చదివేటప్పుడు కుర్రాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'ధర పెంచలేదు కదా సార్, నేరమేముంది?' అని అడుగుతారు. నేరం తగ్గించకపోవడంలో కూడా లేదు. ఏ కొట్టువాడైనా తన ఇష్టప్రకారం తగ్గించకుండా కూర్చోవచ్చు. నేను తగ్గించను, నువ్వూ తగ్గించకు అని మాట తీసుకోవడంలో ఉంది.

అసలు వీళ్ళకి ఈ అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. మీలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎంతమంది? బాగానే ఉన్నారే. మాంచెస్టర్ యునైటెడ్? లివర్‌పూల్? అదిగో, వాళ్ళూ వాళ్ళూ పక్కపక్కన కూర్చోలేదు గమనించండి. (నవ్వులు) బాబూ, ఎర్ర టీ షర్టు, నిన్నే. మీ యునైటెడ్ జెర్సీ ధర ఎక్కువుందని, పక్కన లివర్‌పూల్ జెర్సీ చవగ్గా దొరుకుతోందని అది కొనుక్కుంటావా? ఊరికే ఇచ్చినా బండి తుడవడానికి కూడా వాడను అంటున్నాడు. విన్నారా? ఈ కేసు ఆర్థికశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

సబ్బు ధర పెరిగితే ఇంకో సబ్బు కొంటాం. కందిపప్పు మండిపోతే పెసరపప్పు చారు పెట్టుకుంటాం. జెర్సీకి అలాంటి బదులు సరుకు లేదు. పుట్టినప్పటినుంచీ ఒకే క్లబ్బు, తాతల నాటి క్లబ్బు. పైగా క్లబ్బులు డిజైన్లు తరచూ మారుస్తాయి, పాతది వేసుకుని బడికి వెళ్తే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు. కాబట్టి చొక్కాకీ చొక్కాకీ మధ్య పోటీ లేదు. ఉన్న పోటీ అంతా అదే చొక్కా అమ్మే కొట్టుకీ కొట్టుకీ మధ్యనే. ఆ ఒక్క పోటీ కూడా ఆపేస్తే కొనేవాడికి తప్పించుకునే దారి ఉండదు.

ఇక పాత్రలు. వీగన్ అనే ఊరి నుంచి ఎదిగిన జేజేబీ స్పోర్ట్స్ అప్పట్లో బ్రిటన్‌లో అతి పెద్ద స్పోర్ట్స్ షాపుల సంస్థ. ఛైర్మన్ డేవ్ వీలన్ స్వయంగా ఫుట్‌బాల్ ఆటగాడు. 1960లో ఎఫ్ఏ కప్ అనే ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ ఫైనల్లో బ్లాక్‌బర్న్ క్లబ్బు తరఫున ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు, ఆ తర్వాతే వ్యాపారంలో పైకొచ్చాడు. రెండోది ఆల్‌స్పోర్ట్స్, దాని అధిపతి డేవిడ్ హ్యూస్. మూడోది స్పోర్ట్స్ సాకర్, మైక్ యాష్లీది. తర్వాత స్పోర్ట్స్ డైరెక్ట్‌గా మారింది ఇదే. వీళ్ళ పద్ధతి వేరు: గుట్టలుగా తెచ్చి తక్కువ లాభానికి అమ్మేయడం. మన భాషలో చెప్పాలంటే రేట్లు చెడగొట్టేవాడు. తోటి వ్యాపారుల కంట్లో నలుసు.

వీళ్ళందరి మధ్యా నలిగిపోయింది అంబ్రో. జేజేబీ తన అతి పెద్ద ఖాతాదారు. వాళ్ళకి కోపం వస్తే ఆర్డర్లు తగ్గుతాయి. మాంచెస్టర్ యునైటెడేమో తన జెర్సీ చవకబారు సరుకులా అమ్ముడుపోవడం ఇష్టం లేదంటోంది, పైగా ఆ క్లబ్బుతో కాంట్రాక్టు పొడిగించుకోవాలని అంబ్రో ఆశ. కాబట్టి యాష్లీ తగ్గింపు బోర్డు పెట్టినప్పుడల్లా అంబ్రోకి టెన్షన్. అంబ్రో చేసిన పనేమిటంటే యాష్లీ దగ్గరికెళ్ళి తగ్గించొద్దని మాట తీసుకోవడం, ఆ సంగతి మిగతావాళ్ళకి చేరవేసి 'వాడు ఒప్పుకున్నాడు, మీరూ అలాగే ఉండండి' అని భరోసా ఇవ్వడం. 2000 జూన్‌లో జరిగిన యూరో అనే ఐరోపా దేశాల ఫుట్‌బాల్ టోర్నమెంటు ముందు ఇంగ్లండ్ జెర్సీల విషయంలో ఇదే జరిగింది. జెర్సీ వ్యాపారమంతా విడుదలైన మొదటి వారాల్లో, టోర్నమెంటు రోజుల్లోనే ఉంటుంది. ఆ రోజులు గడిచాక ఎంతకమ్ముకున్నా ఎవరికీ పట్టదు. అన్నట్టు, ఆ టోర్నమెంటులో ఇంగ్లండ్ గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేసింది. జర్మనీని ఓడించారు గానీ పోర్చుగల్ చేతిలో, రొమేనియా చేతిలో ఓడిపోయారు. నలభై పౌన్లు పెట్టి కొన్నవాళ్ళకి ఆ చొక్కా పట్టుమని మూడు మ్యాచ్‌లకే పనికొచ్చింది.

జూన్ 8న హ్యూస్ ఇంట్లో ఒక సమావేశం జరిగింది. వీలన్ వెళ్ళాడు, యాష్లీనీ పిలిచారు. ఆగస్టులో రాబోయే యునైటెడ్ జెర్సీ ధర గురించే మాటలు. ఉత్తరాదిలో మాదొక క్లబ్బుంది, అందులో నువ్వు లేవు అని వీలన్ తనతో అన్నట్టు యాష్లీ చెప్పాడని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఆ మాట మన వ్యాపారుల సంఘాల్లో కూడా విన్నట్టే ఉంటుంది నాకు. బయటినుంచి వచ్చినవాడు రేట్లు చెడగొడుతుంటే పెద్దమనిషి ఇంటికి పిలిచి చెప్పడం. టీ ఇచ్చి మరీ చెప్పడం.

యాష్లీ అప్పటికి ఒప్పుకున్నాడు గానీ ఊరుకోలేదు. ఆ ఆగస్టులోనే వెళ్ళి ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్‌కి ఫిర్యాదు చేశాడు. అప్పటికి ఏడాది కిందటే, 1999లో, ఇంగ్లండ్ జట్టుని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషనూ ప్రీమియర్ లీగూ స్కాట్లండ్ అసోసియేషనూ జెర్సీలపై తగ్గింపులను అడ్డుకోబోమని ఇదే సంస్థకి హామీ ఇచ్చి ఉన్నాయి. 2000 మార్చి 1 నుంచి బ్రిటన్ కొత్త పోటీ చట్టం, కాంపిటీషన్ యాక్ట్, అమల్లోకి వచ్చింది. చట్టం సిరా ఆరకముందే ఈ సమావేశాలన్నమాట. 2001లో అధికారులు ఆఫీసుల మీద సోదాలు చేశారు.

జరిమానాలు చెప్తాను, వినండి, వీటిలో ఒక తమాషా ఉంది. జేజేబీకి 83.73 లక్షల పౌన్లు. అంబ్రోకి 66.41 లక్షలు. మాంచెస్టర్ యునైటెడ్‌కి 16.52 లక్షలు. ఆల్‌స్పోర్ట్స్‌కి 13.5 లక్షలు. ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి 1.58 లక్షలు. మిగతావి చిన్నవి, జేడీ స్పోర్ట్స్ అనే షాపుల సంస్థకి 73 వేలు. ఈ జేడీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఇంక తమాషా ఏమిటంటే, ఫిర్యాదు చేసిన యాష్లీ కంపెనీకి కూడా 1.23 లక్షల పౌన్లు పడింది. బలవంతం మీద తలూపినా తలూపినట్టేనంది చట్టం. ఒత్తిడి ఉందా లేదా అన్నది జరిమానా తగ్గించడానికి పనికొస్తుంది, తప్పు మాఫీ చేయడానికి పనికిరాదు.

అప్పీళ్ళు నడిచాయి. 2004లో కాంపిటీషన్ అప్పీల్ ట్రిబ్యునల్ తప్పు జరిగిందన్న విషయాన్ని ప్రధానంగా ఖాయం చేసింది. 2005లో జరిమానాల లెక్క మళ్ళీ చూసింది. జేజేబీది 67 లక్షలకి, అంబ్రోది 53 లక్షలకి, యునైటెడ్‌ది 15 లక్షలకి తగ్గాయి. ఆల్‌స్పోర్ట్స్‌ది మాత్రం 13.5 నుంచి 14.2 లక్షలకి పెరిగింది. అప్పీలుకి వెళ్ళి జరిమానా పెంచుకుని రావడం అరుదు. లాయర్లు కాబోతున్నవాళ్ళు ఇది క్లయింటుకి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత వాళ్ళే మనకి చెప్తారు. 2006లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ కూడా సమర్థించింది.

ఆ కోర్ట్ ఆఫ్ అప్పీల్ తీర్పులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. జేజేబీ నేరుగా యాష్లీతో మాట్లాడకుండా అంబ్రోకి చెప్పి, అంబ్రో వెళ్ళి యాష్లీకి చెప్తే అది ఇద్దరు దుకాణదారుల మధ్య ఒప్పందం అవుతుందా? చక్రం బొమ్మ ఊహించుకోండి. మధ్యలో ఇరుసు సరుకు ఇచ్చే కంపెనీ, చుట్టూ ఆకులు, అంటే స్పోకులు, దుకాణాలు. ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ నేరుగా సంబంధం లేదు, కానీ ఇరుసు ద్వారా అన్నీ కలిసే తిరుగుతాయి. తన ధర ఆలోచన కంపెనీ చెవిన వేసిన వ్యాపారి, అది పక్కవాడి దాకా పోతుందని తెలిసే వేశాడా, ఆ పక్కవాడు ఆ కబురు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసే దాన్ని బట్టి తన ధర నిర్ణయించుకున్నాడా అని చూస్తారు. అవునంటే ముగ్గురూ దొరికినట్టే. మన కాంపిటీషన్ యాక్టులోకి 2023 సవరణతో ఇదే ఆలోచన వచ్చింది. అదే వ్యాపారంలో లేనివాడైనా కుమ్మక్కులో పాలుపంచుకుంటే అందులో భాగస్వామి కిందే లెక్క.

ఇది నాకు పుస్తకంలో చదవకముందే తెలుసు. చెప్తాను. 1990ల్లో మా నాన్నకి ఒక చిన్న ఊళ్ళో బట్టల కొట్టుండేది. ఓ కంపెనీ బనియన్లు బాగా పోయేవి. దీపావళికి నాన్న అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో 'ఎమ్మార్పీపై 15 శాతం తగ్గింపు' అని రాసి గుమ్మానికి వేలాడదీశాడు. మూడో రోజున కంపెనీ ఏజెంటు వచ్చాడు. కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు. 'బాబాయ్, బజార్లో మిగతా కొట్లవాళ్ళు గోల పెడుతున్నారు, పది కంటే దిగకండి, వాళ్ళూ దిగరు, నేను మాట్లాడాను' అన్నాడు. నాన్న చూద్దాంలే అన్నాడు. తర్వాతి లోడు మా కొట్టుకి రాలేదు. లారీ రాలేదన్నారు. పక్క కొట్టుకి మాత్రం అదే లారీలో వచ్చింది. అంబ్రో కేసు చదువుతున్నప్పుడు నాకు ఇంగ్లండ్ కనపడలేదు, ఆ ఏజెంటు మంచినీళ్ళు తాగిన స్టీలు గ్లాసు కనపడింది.

సరే, జరిమానా ప్రభుత్వ ఖజానాకి పోయింది. మరి నలభై పౌన్లు పెట్టి కొన్నవాడి సంగతి? అప్పట్లో బ్రిటన్ చట్టం ప్రకారం వినియోగదారుల తరఫున ఒక గుర్తింపు ఉన్న సంఘం దావా వేయొచ్చు. కానీ కొన్నవాడు స్వయంగా వచ్చి పేరు నమోదు చేసుకుంటేనే లెక్క. 'విచ్?' అనే వినియోగదారుల సంఘం 2007లో జేజేబీ మీద దావా వేసింది. లక్షల చొక్కాలు అమ్ముడైన వ్యవహారంలో పేర్లిచ్చినవాళ్ళు వెయ్యిమంది కూడా లేరు. ఏడేళ్ళ కిందటి చొక్కా రసీదు మీలో ఎవరి దగ్గరుంది చెప్పండి? 2008 జనవరిలో రాజీ కుదిరింది. దావాలో చేరినవాళ్ళకి తలా 20 పౌన్లు, చేరకపోయినా ఆ చొక్కా కొన్నట్టు చూపించగలిగినవాళ్ళకి 10. అంతకుముందు జేజేబీ తనంతట తాను ఒక ఇంగ్లండ్ చొక్కా, ఒక కప్పు ఇస్తామని కూడా ముందుకొచ్చింది. అంటే మోసపోయానని వచ్చినవాడికి మళ్ళీ చొక్కానే. ఈ వైఫల్యం చూశాకే, 2015 చట్టంతో పద్ధతి మార్చారు. ట్రిబ్యునల్ అనుమతిస్తే, వద్దన్నవాళ్ళు తప్ప అందరూ దావాలో ఉన్నట్టే లెక్క. నా దృష్టిలో ఈ కేసు సాధించిన పెద్ద మార్పు ఇదే, జరిమానాల అంకెలు కాదు.

ఆ పాత్రలన్నీ తర్వాత ఏమయ్యాయో రెండు మాటలు. ఎవరి కోసం అంబ్రో ఇంత చేసిందో ఆ మాంచెస్టర్ యునైటెడ్ 2000 నవంబరులోనే నైకీతో పదమూడేళ్ళ ఒప్పందం ప్రకటించింది. ఆల్‌స్పోర్ట్స్ 2005లో చేతులెత్తేస్తే దాని షాపుల్లో కొన్నిటిని జేడీ కొనుక్కుంది. 2012లో జేజేబీ దివాలా తీసింది. దాని పేరూ, ఇరవై షాపులూ కొన్నదెవరు? యాష్లీ స్పోర్ట్స్ డైరెక్ట్. ఆ ఉత్తరాది క్లబ్బు తాళాలు చివరికి అతని చేతికే వచ్చాయి.

ఇప్పుడు జేడీ. ఆ యునైటెడ్ చొక్కా నుంచి పద్దెనిమిదేళ్ళు ముందుకి రండి. 2018లో స్కాట్లండ్ క్లబ్బు గ్లాస్గో రేంజర్స్ జెర్సీలు ఎలీట్ స్పోర్ట్స్ అనే సంస్థ అమ్మేది, రేంజర్స్ పేరుతో ఆన్‌లైన్ షాపు కూడా తనే నడిపేది. ఆ షాపులో పెద్దవాళ్ళ హోమ్ జెర్సీ 60 పౌన్లు. జేడీలో 55. రేంజర్స్‌కి నచ్చలేదు. మాట్లాడుకున్నారు, జేడీ కూడా 60 చేసింది. ఆ తర్వాత ఎలీటూ జేడీ కలిసి రేంజర్స్ బట్టల ధరలు 2019 జూలై దాకా ఇలాగే నడిపించాయి. 2022 సెప్టెంబరులో కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ, అంటే పాత ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ స్థానంలో వచ్చిన సంస్థ, జేడీకి 14.85 లక్షల పౌన్లు, ఎలీట్‌కి 4.59 లక్షలు, రేంజర్స్‌కి 2.25 లక్షలు వేసింది.

మరుసటి ఏడు ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ వంతు. ఇది మరీ సున్నితమైన పని. 2018లో జేడీ ఆ సీజనుకి లెస్టర్ బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మడం మానేయాలని మాట. తర్వాత సీజనుకి ఇంకో ఉపాయం. జేడీలో 70 పౌన్ల పైన కొంటే డెలివరీ ఉచితం. లెస్టర్ బట్టలకి మాత్రం ఆ సౌకర్యం ఉండదు, డెలివరీ ఛార్జీ కట్టాల్సిందే. చొక్కా ధర ముట్టుకోలేదు చూడండి. కొరియర్ ఖర్చు దగ్గర కుదుర్చుకున్నారు. ఆ పద్ధతి 2021 దాకా సాగింది. 2023 జూలైలో లెస్టర్ సిటీకి 8.8 లక్షల పౌన్ల జరిమానా పడింది. జేడీకి సున్నా. ఎందుకంటే వెళ్ళి చెప్పింది జేడీనే. మొదట వచ్చి నిజం చెప్పినవాడికి మాఫీ, అది లీనియెన్సీ పద్ధతి. 2003లో జరిమానా, 2022లో జరిమానా, 2023లో మాఫీ. ఒకే కంపెనీ.

ఈ మాఫీ నాకు మనస్ఫూర్తిగా నచ్చదు. దొంగతనంలో పాలుపంచుకున్నవాడు ముందుగా స్టేషనుకి పరిగెత్తితే బయటపడతాడన్నమాట. కానీ ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి చెప్తున్నాను, నాలుగు గోడల మధ్య జరిగిన మాట బయటికి రావాలంటే ఇంతకంటే పనికొచ్చే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. మన కాంపిటీషన్ యాక్టులో కూడా సెక్షన్ 46 కింద ఇదే ఉంది.

మన దగ్గరి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క విషయం. మనకి ఎమ్మార్పీ అలవాటు. అది పైకప్పు, అంతకు మించి అమ్మకూడదు. లోపల ఎంతకైనా అమ్ముకోవచ్చు. కంపెనీ నేల కూడా తనే గీసి, ఇంతకంటే దిగొద్దు అంటే అక్కడ కంపెనీకీ డీలరుకీ మధ్య ఒప్పందాల సంగతి చూసే సెక్షన్ 3(4) తలుపు తడుతుంది. మారుతీ సుజుకీ కేసు చదవండి. డీలర్లు ఇచ్చే డిస్కౌంటుకి హద్దు పెట్టారని, అది దాటుతున్నారేమో చూడటానికి కస్టమర్ల వేషంలో మనుషుల్ని షోరూములకి పంపారని, దొరికిన డీలరుకి పెనాల్టీ వేశారని కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. 2021 ఆగస్టులో 200 కోట్ల రూపాయల జరిమానా. కంపెనీ అప్పీలుకి వెళ్ళింది. ఆ కేసు మొదలైంది ఒక డీలరు పేరు చెప్పకుండా పంపిన ఈమెయిలుతో. ఒక తేడా గమనించండి. బ్రిటన్‌లో ఇలాంటి ఒప్పందం ఉందని తేలితే చాలు, దాదాపు కేసు అయిపోయినట్టే. మన దగ్గర కంపెనీకీ డీలరుకీ మధ్య ఒప్పందమైతే, మార్కెట్లో పోటీకి చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని కూడా చూపించాలి. పరీక్షలో తప్పకుండా అడుగుతారు, రాసుకోండి.

సమయమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. ఆ అమ్మాయికి మైకివ్వండి.

(ఒక విద్యార్థిని: సార్, బనియన్ల విషయంలో మీ నాన్నగారు చివరికి ఏం చేశారు?)

ఇదే అడుగుతారని భయపడ్డాను. (నవ్వులు) పండగ ముందు సరుకు లేకపోతే ఎలాగమ్మా. ఏజెంటుకి కబురు పెట్టాడు. అట్టముక్క తిరగేసి రెండో వైపు '10 శాతం' అని రాశాడు. ఆ అంకె రాసింది నేనే, నాన్న చేతిరాత బాగుండదని. మర్నాడు మధ్యాహ్నానికి లారీ వచ్చింది.